కెర్నల్ 6.1 నుంచి 6.6కి మారాలి: రెండొందల పైచిలుకు ప్యాచ్‌లు మీరైతే ఎలా మోస్తారు?

చైతన్య_బోర్డులు:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఎంబెడెడ్ లినక్స్ మీద పని చేస్తున్నా. మా ప్రొడక్ట్ ఫ్యాక్టరీల్లో పెట్టే గేట్‌వే బాక్స్, లోపల 32 బిట్ ఆర్మ్ చిప్. చిప్ వెండర్ ఇచ్చిన 6.1 కెర్నల్ (లినక్స్ గుండెకాయ), దాని మీద మా డ్రైవర్లు, డివైస్ ట్రీలు (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే ఫైళ్లు), అక్కడక్కడా బగ్ ఫిక్స్‌లు, మొత్తం రెండొందలకు పైగా ప్యాచ్‌లు, అంటే సోర్స్‌లో ఏ లైన్లు మారాలో చెప్పే ఫైళ్లు. అన్నీ ఒక ఫోల్డర్‌లో వరస నంబర్లతో ఉన్నాయి. బిల్డ్ మొదలవగానే ఒక షెల్ స్క్రిప్ట్ కెర్నల్ టార్‌బాల్ విప్పి, ప్యాచ్ కమాండ్‌తో ఒక్కొక్కటీ ఎక్కిస్తుంది. ఇది రాసినవాళ్లు ఇప్పుడు కంపెనీలో లేరు. సగం ప్యాచ్‌లకి ఎందుకు వేశారో ఒక్క ముక్క కూడా రాసి లేదు, "ఫిక్స్", "ఫిక్స్2" అంతే.

ఇప్పుడు 6.6కి మారాలి. స్క్రిప్ట్‌ని నేరుగా 6.6 మీద నడిపితే పదో ప్యాచ్ దాటకముందే రిజెక్ట్ ఫైళ్ల (ఎక్కని ముక్కల) వర్షం. టీమ్‌లో ఒకరు క్విల్ట్ (ప్యాచ్ ఫైళ్లని వరసగా నడిపే టూల్) వాడదాం అంటున్నారు, ఒకరు గిట్ బ్రాంచ్ పెట్టి రీబేస్ (మా మార్పులని కొత్త కెర్నల్ మీద ఒక్కొక్కటీ మళ్లీ ఎక్కించడం) అంటున్నారు, మేనేజర్ గారేమో 6.6ని మా బ్రాంచ్‌లో మెర్జ్ చేసేస్తే (ఒకేసారి కలిపేస్తే) అయిపోదా అంటున్నారు. మూడు కోట్ల లైన్లకు పైనున్న సోర్స్ ట్రీలో ఈ పని నిజంగా చేసినవాళ్లు చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలి?

లలిత.కె:

చైతన్య గారూ, పద్ధతి ఏదైనా సరే, 6.6 మీద నేరుగా ఎక్కించడం మాత్రం ఈరోజే ఆపేయండి. ముందు ఆ ప్యాచ్‌లు ఏ సోర్స్ మీద పుట్టాయో సరిగ్గా అదే సోర్స్ మీద, గిట్‌లో, ఒక ప్యాచ్‌కి ఒక కమిట్ (గిట్‌లో నమోదైన ఒక మార్పు) చొప్పున ఎక్కించండి. 6.1 అంటే సరిపోదు, 6.1 పక్కన మూడో నంబర్ కూడా కావాలి. ఎందుకు చెప్తున్నానంటే, మామూలు డిఫ్‌తో చేసిన ప్యాచ్‌లో ఏ ఫైల్ ఏ వెర్షన్ నుంచి మారిందో గిట్‌కి తెలిసే ఇండెక్స్ లైన్ ఉండదు. ఆ లైన్ లేకపోతే, లేదా అందులో చెప్పిన పాత ఫైల్ మీ రిపోలో లేకపోతే, గిట్ ఏఎంకి (ప్యాచ్ ఫైళ్లని కమిట్‌లుగా మార్చే కమాండ్) త్రీ-వే మెర్జ్ చేసే దారే ఉండదు. ఎక్కితే ఎక్కింది, లేకపోతే రిజెక్ట్. అదే పాత బేస్ మీద కమిట్‌లుగా మార్చి ఆ తర్వాత 6.6కి జరిపితే, పాత ఫైల్, మీ మార్పు, కొత్త ఫైల్ మూడూ గిట్ చేతిలో ఉంటాయి. ఇప్పుడు కనిపిస్తున్న రిజెక్టుల్లో చాలా భాగం అక్కడే పోతాయి.

రెండోది, ఇది చాలా ముఖ్యం. ఆ షెల్ స్క్రిప్ట్ లాగ్‌లో "ఫజ్" అన్న మాట వెతకండి. ప్యాచ్ కమాండ్ డీఫాల్ట్‌గా ఫజ్ 2 దాకా ఒప్పుకుంటుంది, అంటే హంక్‌కి (ప్యాచ్‌లో ఒక మార్పు ముక్క) అటూ ఇటూ ఉన్న చుట్టుపక్కల లైన్లలో రెండేసి సరిపోకపోయినా "సక్సీడెడ్ విత్ ఫజ్ 2" అని రాసి ముందుకెళ్లిపోతుంది. డ్రైవర్లలో సస్పెండ్ ఫంక్షన్, రెజ్యూమ్ ఫంక్షన్ అచ్చు ఒకేలా ఉంటాయి కదా, అదే క్లాక్ ఎనేబుల్, అదే రిటర్న్ చెక్. సస్పెండ్‌లో పడాల్సిన హంక్ రెజ్యూమ్‌లో పడినా కంపైల్ అవుతుంది, బూట్ కూడా అవుతుంది. ఎప్పుడో ఫీల్డ్‌లో నిద్ర లేవని బాక్స్ రూపంలో బయటపడుతుంది. గిట్ అప్లై ఇలాంటి ఫజ్ ఒప్పుకోదు, అక్కడే ఆగిపోతుంది. ఆ ఆగడం మనకి మేలే.

కమిట్‌లుగా మార్చాక ఒక పరీక్ష తప్పనిసరి: మీ స్క్రిప్ట్ తయారుచేసిన ఫోల్డర్‌నీ, గిట్ ట్రీనీ పక్కపక్కన పెట్టి డిఫ్ తీయండి. ఒక్క లైన్ కూడా తేడా రాకూడదు. వస్తే ముందు అది తేల్చాకే 6.6 మాట.

రమణమూర్తి:

లలిత గారు చెప్పింది అక్షరాలా పాటించండి. క్విల్ట్ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఈ మధ్య దాన్ని పాతకాలపు సామాను అని కొట్టిపారేయడం ఎక్కువైంది, అది సరికాదు.

గిట్ పుట్టింది 2005 ఏప్రిల్‌లో. అంతకుముందే కెర్నల్ మెయింటైనర్ ఆండ్రూ మోర్టన్ తన ఎంఎం ట్రీలో వందలకొద్దీ ప్యాచ్‌లని సొంత స్క్రిప్టులతో మోసేవారు. ఆ స్క్రిప్టుల మీదే ఆండ్రియాస్ గ్రుయెన్‌బాకర్ క్విల్ట్ కట్టారు. ఆలోచన చాలా సింపుల్: సిరీస్ అనే ఒక ఫైల్, అందులో ప్యాచ్‌ల పేర్లు వరసగా. పుష్ అంటే తర్వాతి ప్యాచ్ ఎక్కుతుంది, పాప్ అంటే దిగుతుంది, మధ్యలో ఏదైనా మార్చి రిఫ్రెష్ అంటే ఆ ప్యాచ్ ఫైలే కొత్తగా తయారవుతుంది. మోర్టన్ 2022 దాకా అలాగే నడిపి అప్పుడు గిట్‌కి మారారు. స్టేబుల్ కెర్నల్స్ (విడుదలయ్యాక బగ్ ఫిక్స్‌లు అందుకునే సిరీస్‌లు) క్యూ ఈరోజుకీ ఒక గిట్ రిపోలో ఉన్న క్విల్ట్ సిరీసే, విడుదల రోజున అది కమిట్‌లుగా మారుతుంది. రియల్‌టైమ్ ప్యాచ్‌సెట్ 2024లో 6.12తో మెయిన్‌లైన్‌లో (లైనస్ టోర్వాల్డ్స్ నడిపే అసలు కెర్నల్ ట్రీ) కలిసేదాకా ఏళ్ల తరబడి క్విల్ట్ క్యూగానే నడిచింది. లినక్స్ పంపిణీ చేసే సూసే వాళ్ల కెర్నల్ రిపో తెరిస్తే అందులో కెర్నల్ సోర్స్ ఉండదు, ప్యాచ్‌ల ఫోల్డరూ ఒక సిరీస్ ఫైలూ ఉంటాయి, ప్రతి ప్యాచ్ తల మీద అది మెయిన్‌లైన్‌లో ఏ కమిట్టో, ఏ వెర్షన్‌లో వచ్చిందో రాసి ఉంటుంది.

వీళ్లంతా గిట్ రాక ఇలా చేస్తున్నారా? కాదు కదా. ప్యాచ్ అనేది వాళ్లకి ఒక వస్తువు, దానికంటూ ఒక చరిత్ర ఉంది. యూఎస్‌బీ ఫిక్స్ ఒకటి ఉందనుకోండి. రెండేళ్లలో అది మూడుసార్లు మారింది. బ్రాంచ్‌ని రీబేస్ చేసుకుంటూ పోతే చివరి రూపం మాత్రమే మిగులుతుంది, ఎవరు ఎందుకు మార్చారో ఆచూకీ ఉండదు. ప్యాచ్ ఫైలే గిట్‌లో ఉంటే గిట్ లాగ్ ఆ ఫైల్ మీద వేస్తే మొత్తం కథ వస్తుంది. పైగా నలుగురు నాలుగు ప్యాచ్‌లు ఒకేసారి మార్చినా ఫోర్స్ పుష్ (అందరూ వాడే బ్రాంచ్ చరిత్రని బలవంతంగా మార్చేయడం) గొడవ లేదు, మామూలు కమిట్, మామూలు రివ్యూ.

వరంగల్_వాసు:

రమణమూర్తి గారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నా. ప్యాచ్‌కి చరిత్ర ఉండాలి, ఒప్పుకుంటా. కానీ డిఫ్ మీద డిఫ్ రివ్యూ చేయడం మనుషుల వల్ల అయ్యే పనా సార్? లైన్ మొదట్లో ప్లస్ ప్లస్, మైనస్ ప్లస్, హంక్ హెడర్‌లో నంబర్ మారితే అదొక మార్పు. ఇరవై ప్యాచ్‌లు రిఫ్రెష్ చేసి పంపితే అందులో అసలు మార్పు ఏదో, లైన్ నంబర్లు జరగడం వల్ల వచ్చిన చెత్త ఏదో రివ్యూ చేసేవాడికి తెలియదు, కళ్లు మూసుకుని ఓకే కొడతాడు. ఇంకోటి, క్విల్ట్‌కి గిట్‌లా పాత ఫైల్‌ని చూసి చేసే త్రీ-వే దారి లేదు. కింద బేస్ మారితే మామూలుగా మళ్లీ రిజెక్ట్ ఫైళ్లే.

తమ్ముడూ చైతన్యా, నా పద్ధతి ఇది. పని చేసేది గిట్ బ్రాంచ్ మీద. బేస్ మారినప్పుడు రీబేస్, కానీ ఆంటో ఆప్షన్‌తోనే చెయ్. అంటే

గిట్ రీబేస్ --ఆంటో కొత్త-బేస్ పాత-బేస్ మా-బ్రాంచ్

ఇక్కడ చాలామందికి తెలియక చిక్కుకునే సంగతి ఒకటుంది. మీ బేస్ 6.1 స్టేబుల్ సిరీస్‌లోది, కదా? ఆ సిరీస్‌లో 6.1 విడుదలయ్యాక వచ్చిన ఫిక్స్‌లన్నీ వేరే కమిట్‌లు, అవే ఫిక్స్‌లు మెయిన్‌లైన్‌లో వేరే నంబర్లతో ఉంటాయి. 6.6కి ఆ స్టేబుల్ కొమ్మతో బంధం 6.1 దగ్గరే తెగిపోయింది. నువ్వు ఊరికే "గిట్ రీబేస్ 6.6" అన్నావనుకో, గిట్ నీ రెండొందలతో పాటు స్టేబుల్ వాళ్ల వేలకొద్దీ కమిట్‌లని కూడా నీవే అనుకుని ఒక్కొక్కటీ 6.6 మీద ఎక్కించబోతుంది. ఆ లిస్ట్ చూసి గుండె ఆగినంత పనవుతుంది. పాత-బేస్ అని స్పష్టంగా చెప్తే దాని పైన ఉన్నవి మాత్రమే తీసుకుంటుంది.

ఇంక జరపబోయే ముందు "గిట్ చెర్రీ కొత్త-బేస్ మా-బ్రాంచ్ పాత-బేస్" అని ఒకసారి నడుపు. మైనస్ గుర్తుతో వచ్చినవి అచ్చం అలాగే 6.6లో ఉన్నాయని అర్థం, వాటిని మోయనక్కర్లేదు, హాయిగా వదిలెయ్. కొద్దిగా మార్చి తీసుకున్న బ్యాక్‌పోర్టులు (కొత్త కెర్నల్ నుంచి పాతదానికి తెచ్చిన మార్పులు) ఇందులో పట్టుబడవు, వాటిని సబ్జెక్ట్ లైన్‌తో వెతుక్కోవాలి.

రమణమూర్తి గారు అడిగిన చరిత్ర కోసం ప్రతి రీబేస్‌కి ముందు పాత కొసకి (బ్రాంచ్ చివరి కమిట్‌కి) ఒక ట్యాగ్ వేస్తా. ప్రతి రిలీజ్‌కి ఫార్మాట్-ప్యాచ్‌తో ప్యాచ్‌లన్నీ ఇంకో రిపోలోకి ఎగుమతి చేస్తా. అప్పుడు --జీరో-కమిట్, --నో-సిగ్నేచర్, --నో-నంబర్డ్ ఈ మూడూ పెట్టడం మర్చిపోకు. లేకపోతే కమిట్ నంబర్ మారిందనో, గిట్ వెర్షన్ మారిందనో, "217లో 43" కాస్తా "216లో 43" అయిందనో ప్రతి ఫైలూ మారినట్టే చూపిస్తుంది.

శ్రీను_డాలస్:

ఇంతమంది రీబేస్ అంటున్నారు కాబట్టి మెర్జ్ వైపు నేను మాట్లాడతానండి. మా దగ్గర మెడికల్ పరికరాలు. ఫలానా కమిట్ నంబర్‌తో బిల్డ్ చేసిన సాఫ్ట్‌వేర్ ఫలానా పరీక్ష పాసైందని కాగితాల మీద ఉంటుంది. ఆ కమిట్ ఎప్పటికీ బ్రాంచ్ చరిత్రలో కనిపించాలి, ఐదేళ్ల తర్వాత ఆడిటర్ వచ్చి అడిగినా. రీబేస్ చేస్తే చరిత్ర మారిపోతుంది, పైగా మా బ్రాంచ్ మీద వేరే ఊళ్లలో మూడు టీములు పని చేస్తున్నాయి, ఫోర్స్ పుష్ అంటే అందరి పనీ ఆగిపోతుంది. మేము స్టేబుల్ విడుదల వచ్చినప్పుడల్లా మెర్జ్ చేస్తాం, కాన్‌ఫ్లిక్ట్ ఒకేసారి చూసుకుంటాం. రీబేస్‌లో ఒకే ఫైల్‌ని పది ప్యాచ్‌లు తాకితే పదిసార్లు సర్దాలి. చైతన్య గారి మేనేజర్ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

లలిత.కె:

శ్రీను గారూ, ఒకే సిరీస్ లోపల, అంటే 6.1లో చిన్న విడుదల నుంచి ఇంకో చిన్న విడుదలకి మెర్జ్ చేయడం గురించి నాకూ పెద్ద అభ్యంతరం లేదు. 6.1 నుంచి 6.6కి మెర్జ్ మాత్రం నేను ఒప్పుకోను, కారణం చెప్తాను.

మెర్జ్‌లో కాన్‌ఫ్లిక్ట్ సర్దినప్పుడు ఆ సర్దుబాటు ఎక్కడికి పోతుంది? మెర్జ్ కమిట్ లోపలికి. మీ ఎస్పీఐ డ్రైవర్ ప్యాచ్ 6.1 కోసం రాసిన రూపంలోనే చరిత్రలో ఉండిపోతుంది, 6.6లో అది పనిచేయడానికి చేసిన మార్పు వందల ఫైళ్ల మెర్జ్ కమిట్‌లో ఎక్కడో కూరుకుపోతుంది. ఇంకో ఏడాదికి మళ్లీ ఒక మెర్జ్. అప్పుడు "మా ఎస్పీఐ మార్పు మొత్తం ఎంత?" అని అడిగితే చూపించడానికి ఒక ప్యాచ్ అంటూ ఉండదు. అప్‌స్ట్రీమ్‌కి (అసలు కెర్నల్ ప్రాజెక్ట్‌కి) పంపాలన్నా, తీసేయాలన్నా, వేరే బోర్డుకి ఇవ్వాలన్నా మూడు కమిట్‌ల నుంచి ముక్కలు ఏరుకోవాలి. 2022 నుంచి గిట్‌లో --రీమెర్జ్-డిఫ్ ఉంది, మెర్జ్ చేసినవాళ్లు చేత్తో ఏం మార్చారో చూపిస్తుంది, చాలా ఉపయోగం. కానీ అది చూపించడానికే, విడదీసి ఇవ్వదు.

పదిసార్లు సర్దాలి అన్నది నిజమే. అలాంటప్పుడు ముందే పాత బేస్ మీద ఆ పది ప్యాచ్‌లనీ కుదించండి. ప్యాచ్, దానికి ఫిక్స్, ఆ ఫిక్స్‌కి ఫిక్స్ ఇలా ఉన్నవాటిని ఒక్కటిగా కలిపేస్తే తర్వాతి పని సగమవుతుంది. కమిట్‌కి --ఫిక్సప్, రీబేస్‌కి --ఆటోస్క్వాష్ ఉన్నది ఇందుకే. మా దగ్గర ఏ పెద్ద మార్పుకైనా మొదటి పని ఇదే. కలపక ముందూ కలిపిన తర్వాతా ట్రీ ఒకటేనా అని డిఫ్ తీసి చూసుకోవాలి, అంతే.

రమణమూర్తి:

శ్రీను గారి ఆడిటర్ సమస్య చిన్నది కాదు, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ దానికీ ఒక దారి ఉంది. గిట్ ఫర్ విండోస్ ప్రాజెక్ట్ చూడండి. వాళ్లు కూడా గిట్ మీద సొంత ప్యాచ్‌ల గుట్ట మోస్తారు, ప్రతి కొత్త గిట్ విడుదలకీ వాటిని రీబేస్ చేస్తారు, అయినా వాళ్ల మెయిన్ బ్రాంచ్‌లో ఫోర్స్ పుష్ అవసరం పడదు. మెర్జింగ్-రీబేస్ అంటారు దాన్ని.

చేసేది ఇది: కొత్త బేస్ మీద నిలబడి, మీ పాత బ్రాంచ్‌ని "అవర్స్" స్ట్రాటజీతో మెర్జ్ చేస్తారు. అంటే ట్రీ మాత్రం అచ్చంగా కొత్త బేస్‌దే, పాత బ్రాంచ్ నుంచి ఒక్క లైన్ కూడా రాదు, కానీ చరిత్రలో పాత కొస తండ్రిగా నమోదవుతుంది. ఆ కమిట్ మీద మీ ప్యాచ్‌లన్నీ శుభ్రంగా మళ్లీ ఎక్కుతాయి. ఫలితం చూడండి: పాత బ్రాంచ్ తీసుకున్నవాళ్లందరికీ కొత్తది మామూలు ఫాస్ట్-ఫార్వర్డ్‌గా వస్తుంది, కాగితాల్లో ఉన్న పాత కమిట్ చరిత్రలో భద్రంగా ఉంటుంది, ఈరోజు మోస్తున్న ప్యాచ్‌లేవి అంటే ఆ మెర్జ్ కమిట్ నుంచి కొస దాకా ఉన్నవే. లలిత గారు అన్న కూరుకుపోయే సమస్యా లేదు.

శ్రీను_డాలస్:

ఇది నాకు తెలియదండి. ట్యాగులతో సరిపెట్టుకోమంటారేమో అనుకున్నా. పాత కొస పూర్వీకుల్లో ఉంటే ఆడిటర్‌కి చూపించడానికి ఏ ఇబ్బందీ లేదు. సోమవారం టీమ్‌తో కూర్చుని ఒక కాపీ మీద నడిపి చూస్తాం. ధన్యవాదాలు సార్.

పద్మజ_యాక్టో:

ఇంతసేపూ ప్యాచ్‌లు ఎలా జరపాలనే మాట్లాడుతున్నారు. అసలు ఆ ప్యాచ్ ఎందుకు ఉంది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు పోతుంది అన్నది రాసి లేకపోతే మీరు ఏ టూల్ వాడినా చైతన్య గారి "ఫిక్స్2" దగ్గరికే వస్తారు.

యాక్టోలో (ఎంబెడెడ్ లినక్స్ తయారుచేసే ప్రాజెక్ట్) ప్రతి ప్యాచ్ తలలో అప్‌స్ట్రీమ్-స్టేటస్ అని ఒక లైన్ రాస్తాం. బ్యాక్‌పోర్ట్ అయితే కమిట్ నంబర్‌తో, సబ్మిటెడ్ అయితే ఎక్కడికి పంపామో లింక్‌తో, పెండింగ్ అయితే ఇంకా పంపలేదని, ఇనాప్రాప్రియేట్ అయితే ఎందుకు పంపకూడదో కారణంతో. రూటర్ల కోసం లినక్స్ తయారుచేసే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్లు ఫోల్డర్లే విడదీశారు: బ్యాక్‌పోర్ట్ ఒకటి, పెండింగ్ ఒకటి, ఎప్పటికీ పైకి వెళ్లనివి హ్యాక్ అనే ఫోల్డర్. ఆండ్రాయిడ్ కామన్ కెర్నల్‌లో సబ్జెక్ట్ లైన్ మొదటి మాటే చెప్పేస్తుంది. అప్‌స్ట్రీమ్ అని ఉంటే మెయిన్‌లైన్ నుంచి మార్పు లేకుండా వచ్చింది, బ్యాక్‌పోర్ట్ అంటే మార్చి తెచ్చింది, ఫ్రమ్‌గిట్ అంటే మెయింటైనర్ ట్రీలో ఉంది కానీ లైనస్ దగ్గరికి ఇంకా చేరలేదు, ఫ్రమ్‌లిస్ట్ అంటే మెయిలింగ్ లిస్ట్‌కి పంపారు ఇంకా ఎవరూ తీసుకోలేదు, ఆండ్రాయిడ్ అంటే వాళ్ల సొంతం.

దీనివల్ల ఏంటి లాభం అంటే, బేస్ మారే రోజున ప్యాచ్‌ల గుట్ట దానంతటదే విడిపోతుంది. బ్యాక్‌పోర్టుల్లో 6.6లో ఉన్నవన్నీ తీసేయడమే, కాన్‌ఫ్లిక్ట్ చూడాల్సిన పని కూడా లేదు. చదవడం, ఆలోచించడం అంతా మిగిలిన వాటి మీద పెట్టొచ్చు. చైతన్య గారూ, రెండొందల్లో ఎన్ని వెండర్ వాళ్లు మెయిన్‌లైన్ నుంచి తెచ్చినవో ఒక్కసారి చూడండి, చాలానే ఉంటాయని నా నమ్మకం. కారణం దొరకని ప్యాచ్‌కి మాత్రం "కారణం తెలియదు, తీస్తే ఏమవుతుందో పరీక్షించాలి" అని నిజాయితీగా రాయండి. ఖాళీగా వదిలేస్తే తర్వాత వచ్చేవాళ్లు దాన్ని ముట్టుకోవడానికి భయపడతారు, అది అలా పదేళ్లు బతికేస్తుంది.

వరంగల్_వాసు:

పద్మజ గారు చెప్పిన దాంతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తున్నా.

కాన్‌ఫ్లిక్టులు మొదలయ్యే ముందు ఇంకో రెండు సెట్టింగ్‌లు పెట్టుకో చైతన్యా. ఒకటి రెరెరె, ఎనేబుల్ చెయ్. నువ్వు ఒక కాన్‌ఫ్లిక్ట్ సర్దగానే గుర్తుపెట్టుకుని, అదే కాన్‌ఫ్లిక్ట్ మళ్లీ వస్తే తనే సర్దేస్తుంది. నువ్వు ఈ రీబేస్ ఒక్కసారితో ముగించవు, రాసిపెట్టుకో. నూటయాభైయో ప్యాచ్ దగ్గర అర్థమవుతుంది ముప్పైయో ప్యాచ్‌లో వేరేలా చేయాల్సిందని, మళ్లీ మొదటి నుంచి రావాలి. అప్పుడు దీని విలువ తెలుస్తుంది. తప్పుగా సర్దినది గుర్తుపెట్టుకుంటే ఆ ఫైల్ మీద రెరెరె ఫర్గెట్ కొట్టు. ఆటోఅప్‌డేట్ మాత్రం ఆఫ్‌లోనే ఉంచు, తను సర్దినదాన్ని నువ్వు కంటితో చూశాకే యాడ్ చెయ్యి. ఇంకో సంగతి, సర్దినవి 60 రోజులు మాత్రమే దాచుకుంటుంది, ఆ తర్వాత గిట్ చెత్త ఊడ్చేటప్పుడు పోతాయి. పెద్ద పని నెలల తరబడి సాగుతుంది కాబట్టి ఆ గడువు పెంచెయ్.

రెండోది కాన్‌ఫ్లిక్ట్ స్టైల్ జెడ్‌డిఫ్3కి మార్చు. గిట్ 2.35 నుంచి ఉంది. మామూలుగా నీ వైపు, వాళ్ల వైపు రెండే చూపిస్తుంది, ఇది మధ్యలో పాత బేస్‌లో ఎలా ఉండేదో కూడా చూపిస్తుంది. అది కనిపించకుండా కాన్‌ఫ్లిక్ట్ సర్దడమంటే ఎవరు ఏం మార్చారో తెలియకుండా ఊహ మీద నడవడమే.

లలిత.కె:

కాన్‌ఫ్లిక్ట్ వచ్చేవి మంచివి, కనీసం మనల్ని ఆపి అడుగుతాయి. రాకుండా నిశ్శబ్దంగా ఎక్కేసే వాటి గురించి ఎవరూ అనలేదు కాబట్టి చెప్తున్నా. 6.1కీ 6.6కీ మధ్య మారినవాటిలో చైతన్య గారికి తప్పకుండా తగిలేవి కొన్ని ఉన్నాయి.

6.3లో వీఎంఏ (ప్రాసెస్ మెమరీలో ఒక భాగం) ఫ్లాగులని నేరుగా మార్చే వీలు తీసేశారు, వీఎం-ఫ్లాగ్స్-సెట్ లాంటి ఫంక్షన్ల ద్వారానే మార్చాలి. 6.4లో క్లాస్-క్రియేట్ ఫంక్షన్‌కి మొదటి ఆర్గ్యుమెంట్ పోయింది, ఇప్పుడు పేరు ఒక్కటే ఇస్తాం. ఐ2సీ డ్రైవర్ల ప్రోబ్‌కి రెండో ఆర్గ్యుమెంట్ పోయింది. మీ సొంత డ్రైవర్ కొత్త ఫైల్ కాబట్టి గిట్‌కి అక్కడ కాన్‌ఫ్లిక్టే కనపడదు, హాయిగా ఎక్కిస్తుంది. కంపైలర్ మాత్రం పట్టుకుంటుంది. అందుకే రీబేస్‌కి --ఎగ్జెక్ ఇచ్చి ప్రతి ప్యాచ్ తర్వాత బిల్డ్ నడపండి, అది తాకిన డైరెక్టరీ వరకైనా. చివర్లో ఒకేసారి బిల్డ్ చేసి ఎర్రర్లన్నీ ఒక "6.6 ఫిక్స్‌లు" అనే కమిట్‌లో కుక్కితే మీరు కొత్త "ఫిక్స్2" తయారుచేసినట్టే.

కంపైలర్ కూడా పట్టుకోనివి రెండు. ఒకటి కాన్‌ఫిగ్, అంటే కెర్నల్‌లో ఏవేవి బిల్డ్ అవ్వాలో చెప్పే సెట్టింగ్‌లు. కొత్త కెర్నల్‌లో పేరు మారిన ఆప్షన్ మీ డెఫ్‌కాన్‌ఫిగ్‌లో పాత పేరుతో ఉంటే అది చడీచప్పుడు లేకుండా రాలిపోతుంది, ఆ డ్రైవర్ అసలు బిల్డే అవదు. మార్పుకి ముందూ తర్వాతా తయారైన డాట్ కాన్‌ఫిగ్ ఫైళ్లని పోల్చి, పోయిన ప్రతి లైన్‌కీ కారణం తెలుసుకోండి.

రెండోది డివైస్ ట్రీ. మీది 32 బిట్ ఆర్మ్ అన్నారు. 6.5లో ఆర్మ్ డీటీఎస్ (డివైస్ ట్రీ సోర్స్) ఫైళ్లన్నిటినీ వెండర్ పేర్లతో సబ్‌ఫోల్డర్లలోకి మార్చేశారు. ఉన్న ఫైల్‌ని మార్చే ప్యాచ్ అయితే గిట్ పేరు మార్పుని కనిపెట్టి కొత్త చోటికి తీసుకెళ్తుంది. మీ బోర్డు కోసం కొత్తగా చేర్చిన ఫైల్ మాత్రం పాత ఫోల్డర్‌లోనే ఒంటరిగా ఉండిపోతుంది, ఎందుకంటే ఒకే ఫోల్డర్ అనేక ఫోల్డర్లుగా చీలింది, ఎక్కడికి వెళ్లాలో గిట్‌కి తెలిసే వీల్లేదు. మేక్‌ఫైల్ దగ్గర కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది చూడండి, అప్పుడు ఆ ఫైల్‌ని చేత్తో జరిపి, లోపల ఇంక్లూడ్ చేసిన దారులు కూడా సరిచూసుకోవాలి.

చైతన్య_బోర్డులు:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా చెప్తారని అనుకోలేదు. ఇప్పటిదాకా జరిగింది చెప్తాను. పాత బేస్ మీద కమిట్‌లుగా మార్చడం పూర్తయింది. లలిత గారు చెప్పిన డిఫ్ పరీక్షలో తేడా వచ్చింది! గిట్ ఆపేసిన ఒక వాచ్‌డాగ్ ప్యాచ్‌ని సరైన చోట చేత్తో పెడితే, స్క్రిప్ట్ ఫజ్‌తో దాన్ని పక్క ఫంక్షన్‌లో పెట్టి ఉంది, అంటే ఇన్నాళ్లూ ఫీల్డ్‌లో ఉన్న బాక్సుల్లో అది చేయాల్సిన పని చేయడమే లేదు. దానికి వేరే టికెట్ తెరిచి టెస్టింగ్ వాళ్లకి ఇచ్చాం. పద్మజ గారి అంచనా నిజమైంది, దాదాపు మూడో వంతు మెయిన్‌లైన్ నుంచి వెండర్ తెచ్చినవే, 6.6లో ఉన్నాయి, తీసేశాం. పనికిరాని డీబగ్ ప్రింట్ల ప్యాచ్‌లు ఇంకొన్ని పోయాయి. మేనేజర్ గారు ఈ లిస్ట్ చూశాక మెర్జ్ మాట ఎత్తలేదు.

రీబేస్ నడుస్తోంది. రెండు ప్రశ్నలు మిగిలాయి. జరిపాక ప్యాచ్‌లు ఎంత మారాయో టీమ్‌లో మిగతావాళ్లు రివ్యూ చేయడం ఎలా? ఇంకా ఒక ప్యాచ్ ఉంది, వెండర్ ఇచ్చినది, అందులో ఏకంగా నెట్‌వర్క్ డ్రైవర్, క్లాక్‌లు, పిన్ కంట్రోల్, ఏవో కోర్ ఫైళ్లలో మార్పులు అన్నీ గంపగుత్తగా ఒకే కమిట్. దాన్ని ఏం చేయాలి?

రమణమూర్తి:

రివ్యూకి రేంజ్-డిఫ్. 2018లో గిట్ 2.19తో వచ్చింది. పాత బేస్ నుంచి పాత కొస దాకా ఒక వరస, కొత్త బేస్ నుంచి కొత్త కొస దాకా ఒక వరస ఇస్తే, ఏ ప్యాచ్ ఏ ప్యాచ్‌కి జోడీయో తనే కలిపి, మారనివాటికి సమానం గుర్తు, మారినవాటికి ఆశ్చర్యార్థకం, పోయినవాటికి లెస్ దాన్, కొత్తవాటికి గ్రేటర్ దాన్ వేసి చూపిస్తుంది. రివ్యూ చేసేవాళ్లు ఆశ్చర్యార్థకం ఉన్నవే చదివితే చాలు. ఆ అవుట్‌పుట్‌ని రివ్యూ రిక్వెస్ట్‌లో అతికించండి. వాసు గారు అన్న డిఫ్ మీద డిఫ్ తలనొప్పి ఇక్కడా కొంత ఉంటుంది, కానీ హంక్ నంబర్ల చెత్త ఉండదు.

రెరెరె జ్ఞాపకం ఒక మెషీన్‌కే పరిమితం, పుష్ చేస్తే వెళ్లదు. నలుగురూ కలిసి సర్దుతుంటే ఆ ఆర్ఆర్-క్యాష్ ఫోల్డర్‌ని పంచుకోండి. గ్రాఫిక్స్ డ్రైవర్ల వాళ్లు డీఆర్‌ఎం-టిప్ ట్రీ కోసం దాన్నే ఒక బ్రాంచ్‌లో పెట్టి అందరికీ అందేలా నడుపుతున్నారు.

లలిత.కె:

గంపగుత్త కమిట్ సంగతి. ముందు అది నిజంగా ఏ ట్యాగ్ మీద పుట్టిందో వెతకండి, వెండర్ చెప్పింది నమ్మొద్దు. 6.1 సిరీస్‌లో ఒక్కో ట్యాగ్‌తో డిఫ్ సైజు చూస్తే ఒకచోట బాగా తగ్గుతుంది, అదే అసలు బేస్. తర్వాత దాన్ని డైరెక్టరీల వారీగా కోయండి, డ్రైవర్ ఒకటి, క్లాక్ ఒకటి, పిన్ కంట్రోల్ ఒకటి, బైండింగ్‌లు ఒకటి, డీటీఎస్ ఒకటి. ఇది యాంత్రికంగా అయిపోయే పని. అసలు సమయం పెట్టాల్సింది కోర్ ఫైళ్ల దగ్గర. డీఎంఏ లోనో, రెగ్యులేటర్ కోర్‌లోనో రెండు మూడు లైన్ల మార్పు ఉంటుంది, దాన్ని తీసుకుని మెయిన్‌లైన్‌లో గిట్ లాగ్‌కి ఎస్ ఆప్షన్ ఇచ్చి ఆ మాట కోసం వెతకండి. చాలాసార్లు అదొక తెలిసిన ఫిక్సే అయి ఉంటుంది, వివరణతో సహా దొరుకుతుంది. దొరకనివాటిని ఒక్కొక్కటీ విడి కమిట్ చేసి, 6.6 మీద అవి లేకుండా ముందు బూట్ చేసి చూడండి.

చైతన్య_బోర్డులు:

అలాగే చేస్తాను లలిత గారూ. చివరిగా ఒకటి. మా సొంత ప్యాచ్‌ల్లో ఒక యూఎస్‌బీ ఫిక్స్ ఉంది, అది మెయిన్‌లైన్‌లో ఇంకా లేదు, 6.6లో కూడా అదే బగ్ రిపీట్ అవుతోంది. పైకి పంపుదామని నాకు చాలా ఉంది. కానీ రాసినాయన కంపెనీ వదిలేశారు, ప్యాచ్‌లో ఆయన సైన్డ్-ఆఫ్ లైన్ (ఈ కోడ్ పంపే హక్కు నాకుంది అని చెప్పే సంతకం) కూడా లేదు.

వరంగల్_వాసు:

పంపు తమ్ముడూ, తప్పకుండా పంపు, ఒక ప్యాచ్ మోయడం శాశ్వతంగా తప్పుతుంది. ఆథర్ పేరు ఆయనదే ఉంచు, దాన్ని మార్చకు. ఆయన్ని అడిగి సైన్డ్-ఆఫ్ ఇప్పించుకోగలిగితే అన్నిటికంటే మంచిది, పాత మెయిల్ కాకుండా ఇప్పుడు వాడే మెయిల్‌తో ఇమ్మను. దొరక్కపోతే కోడ్ హక్కు కంపెనీదే కాబట్టి మీ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని నీ సైన్డ్-ఆఫ్ పెట్టు. ఇంకో మాట, 6.6 మీద తయారుచేసి పంపకు, యూఎస్‌బీ మెయింటైనర్ ట్రీ తాజా కొస మీద ఎక్కించి టెస్ట్ చేసి పంపు. చెక్‌ప్యాచ్ (ప్యాచ్‌లో శైలి తప్పులు చూపే స్క్రిప్ట్) నడుపు, ఎవరికి పంపాలో గెట్-మెయింటైనర్ స్క్రిప్ట్ చెప్తుంది. ఏ కమిట్‌తో బగ్ మొదలైందో బైసెక్ట్ చేసి (చరిత్రని సగం సగం చేస్తూ వెతికి) ఫిక్సెస్ లైన్‌లో పన్నెండు అక్షరాల నంబర్‌తో రాయి, స్టేబుల్‌కి సీసీ పెట్టు. మెయిన్‌లైన్‌లో చేరాకే స్టేబుల్ వాళ్లు తీసుకుంటారు, అప్పుడు 6.6కీ దానంతటదే వస్తుంది. పంపే ముందు కమిట్ మెసేజ్ ఇక్కడ పెట్టు, చూసి చెప్తాం.